సరోజిని గారు ఆ మందు తాగలేదు

పొద్దున్నే పక్క ఫ్లాట్‌లో మిక్సీ తిరుగుతుంది. ఆ చప్పుడు ఆగిన కాసేపటికి వంటింటి కిటికీలోంచి పచ్చి సొరకాయ వాసన వస్తుంది. కోసిన గడ్డి వాసనలా ఉంటుంది, కొంచెం చేదుగా. మా పక్కింటి రాజ్యలక్ష్మి గారు రోజూ పరగడుపున సొరకాయ రసం తాగుతారు. మొన్నొక రోజు నాకూ ఒక గ్లాసు తెచ్చారు. “తాగండి శైలజ గారూ, కొవ్వు కరుగుద్దంట,” అన్నారు. వద్దండీ అన్నాను. ఆవిడ నొచ్చుకోలేదు. గ్లాసు గుమ్మం పక్కన పెట్టి, ఫోన్ తీసి నా ముందు పట్టుకున్నారు. “నేను చదివేది వీళ్ళ వెబ్‌సైటేనండీ. ఇదిగో, ఈవిడ మీ మేడం గారే కదూ? మీ ఇంటికొచ్చినప్పుడు చూశాను.”

ఫోటోలో ఉన్నది సరోజిని గారే. నీలం అంచు మంగళగిరి చీర, మెడలో సన్నటి గొలుసు, ఎవరో తప్పు మాట్లాడుతుంటే ఓపిక పట్టి వింటున్నట్టు కొద్దిగా పక్కకి వంగిన తల. ఫోటో కింద ఆవిడ పూర్తి పేరు, చేసిన ఉద్యోగం. కాన్సర్‌కి తమ మూలికల మందు వాడిన పేషెంట్లలో ఈవిడ ఒకరని రాశారు.

ఆవిడ పోయి ఏడాది దాటింది. ఆ మందు ఆవిడ ఒక్క చుక్క కూడా తాగలేదు. తాగనని చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఇలాంటి వెబ్‌సైట్లతో ఏళ్ళ తరబడి పోట్లాడిన మనిషిని, పోయాక, వాటిలో ఒకటి తన ప్రకటనకి వాడుకుంటోంది. ఆవిడ పేరు అక్కడ అలా ఉండిపోవడం నాకు ఇష్టం లేదు. ఇది రాస్తున్నది అందుకే. అయితే ఆవిడని ఎరగనివాళ్ళకి ముందు ఆవిడ ఎలాంటి మనిషో చెప్పాలి.

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక చీరల షాపు పైన మా ఆఫీసు ఉండేది. తెలుగులో ఆరోగ్య సమాచారం ఇచ్చే చిన్న వెబ్‌సైట్. కిరణ్ అనే యువకుడు దాని యజమాని. నేను తెలుగు ఎం.ఏ. చదివి, టీచర్ ఉద్యోగం రాక, ఇంగ్లీషు వ్యాసాల్ని తెలుగు చేసే పనికి అక్కడ చేరాను. సరోజిని గారు మా ఎడిటర్. అంతకుముందు బందరులో కాలేజీ పిల్లలకి మైక్రోబయాలజీ చెప్పి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, “వచ్చినవాళ్ళెవరూ నా రెండో ప్రశ్నదాకా నిలబడలేదు,” అనేవారట. ఈ మాట నేను వినలేదు. ఆవిడ తమ్ముడు చెప్పారు.

చేరిన మొదటి వారంలోనే నన్ను పిలిచారు. నేను చేసిన అనువాదం ఆవిడ ముందు తెరిచి ఉంది. మెంతుల గురించిన వ్యాసం. కొద్దిమంది మీద చేసిన ఒక పరిశీలనలో మెంతులు షుగర్ తగ్గడానికి కొంత తోడ్పడవచ్చని కనిపించిందనీ, ఇంకా గట్టిగా తేలాల్సి ఉందనీ ఇంగ్లీషులో ఉంది. నేను ‘మెంతులు షుగర్‌ని తగ్గిస్తాయి’ అని రాశాను. అలా రాస్తే వాక్యం శుభ్రంగా ఉందనిపించింది.

“మీదే ఊరమ్మాయ్?”

“చల్లపల్లి పక్కనండీ.”

“మీ ఎదురింటి పిల్ల ఎవరితోనో వెళ్ళిపోయిందని మీ అమ్మగారు విన్నారనుకో. నీకు ఫోన్ చేసి ఏమని చెప్తారు?”

ఇదేం ప్రశ్నో అర్థం కాలేదు. “వెళ్ళిపోయిందని చెప్తుందండీ.”

“అలా చెప్పరు. ఆవిడ గొంతుతో చెప్పు.”

“వెళ్ళిపోయిందంట, అంటుంది.”

“ఆఁ. కళ్ళతో చూళ్ళేదు గాబట్టి పుకారుకి కూడా అంట తగిలించుద్ది మీ అమ్మ. ఎదురింటి పిల్లకిచ్చిన మర్యాద నువ్వు షుగరు పేషెంటుకి ఇవ్వలేదు. మధ్యలో అంట మింగేశావు.”

ఆ తర్వాత మా ఆఫీసులో అదొక మాటైపోయింది. ఎవరి వ్యాసమైనా మరీ ధీమాగా ఉంటే, ‘ఇందులో అంట మింగారు’ అనేవాళ్ళం. నేను తెలుగు చదువుకున్నాను. ‘అట’ అనే చిన్నముక్క చూసినదాన్నీ విన్నదాన్నీ వేరు చేస్తుందని పరీక్షలో కూడా రాసి ఉంటాను. కానీ దాని విలువ నాకు ఆ రోజు తెలిసింది. మాట్లాడేటప్పుడు మనలో ఎవరూ దాన్ని మర్చిపోరు. రాజ్యలక్ష్మి గారు మర్చిపోలేదు. ఆవిడ చదివే వెబ్‌సైట్ మాత్రం ‘సొరకాయ కొవ్వును కరిగిస్తుంది’ అనే రాసింది. దానికి ‘అంట’ తగిలించి నా దగ్గరికి తెచ్చింది రాజ్యలక్ష్మి గారే. తెర మీదికి ఎక్కేటప్పుడు ఆ ముక్క దానంతటది రాలిపోదు. ఎవరో తీసేస్తారు. అది ఉంటే రాసినవాడికి అంతగా తెలియదని తెలిసిపోతుంది. తీసేస్తే అదే మాట శాస్త్రంలా నిలబడుతుంది.

అయితే ‘అట’ పెట్టి చేతులు దులుపుకుంటే ఆవిడ ఒప్పుకునేవారు కాదు. ‘నిపుణులు చెబుతున్నారట’ అని రాసుకొస్తే, “ఏ ఊరి నిపుణులు? వాళ్ళకి పేరు పెట్టలేదా వాళ్ళమ్మ?” అనేవారు. ఎవరన్నారు, ఎప్పుడన్నారు, అన్నందుకు వాళ్ళకేం వస్తుంది. ఈ మూడూ తేలకుండా ఆవిడ దేన్నీ బయటికి వదిలేవారు కాదు. వ్యాసం అడుగున రాసినవాళ్ళ పేరు, సరిచూసిన డాక్టర్ పేరు, ఏ తేదీన చూశారో, దేని ఆధారంగా రాశారో, అన్నీ పెట్టించేవారు. పాత వ్యాసాల్ని కూడా కొన్నాళ్ళకొకసారి తెరిచి చదివించేవారు. వైద్యంలో నిన్నటి మాట ఇవాళ మారిపోతుంది, తేదీ లేని మాట ఎప్పటిదో ఎవరికీ తెలియదు, అని నాకు నచ్చజెప్పింది కూడా ఆవిడే.

ఓ ఆదివారం చర్చి అయ్యాక నన్ను చేపల మార్కెట్‌కి రమ్మన్నారు. అక్కడ చేపలమ్మే ఆవిడ చేపల మీద నీళ్ళు చల్లుతోంది. ఎండకి అన్నీ తళతళలాడుతున్నాయి. సరోజిని గారు వంగి ఒకదాని మొప్ప ఎత్తారు.

“అబ్బ, మా చేపకి కూడా మొప్ప ఎత్తుతారేంటమ్మా? ఎన్నేళ్ళ బేరం మనది,” అంది ఆవిడ.

“నిన్ను నమ్మకేం మాణిక్యం. చేపనే నమ్మను.”

“పొద్దున వచ్చిందండీ.”

“ఏ పొద్దున?”

మాణిక్యం పకపకా నవ్వి, గంప అడుగునించి ఇంకో చేప తీసి ఇచ్చింది. దాని మొప్ప ఎర్రగా, తాజాగా ఉంది. మర్నాడు ఆఫీసులో ఒక కొత్త వెబ్‌సైట్ చూపించి, “పైన బాగా మెరుస్తోంది. మొప్ప ఎత్తు,” అన్నారు. నాకు వెంటనే అర్థమైంది. పేజీ అడుగుకి వెళ్ళాను. ‘మా గురించి’ అన్నచోట నొక్కితే ఒక సూర్యోదయం బొమ్మా, మానవసేవ గురించి నాలుగు మాటలూ ఉన్నాయి. మనిషి పేరు లేదు. డాక్టర్ అని ఉంది గానీ దేంట్లో డాక్టరో లేదు. తేదీ ఎక్కడా లేదు. ‘మమ్మల్ని అడగండి’ అన్నచోట నొక్కితే డబ్బాల్లో పొడి అమ్మే పేజీ తెరుచుకుంది.

“చూశావా,” అన్నారు, “అడగబోతే అంగట్లో తేలాం.”

ఆవిడ నాటు వైద్యానికి శత్రువని కొందరు అనుకునేవారు. అది నిజం కాదు. మా అమ్మ ఒకసారి ఊరినుంచి వేయించిన వాము తెచ్చి ఆవిడకి భయపడుతూ ఇచ్చింది. “గ్యాసుకి మంచిదండీ. మీరు ఇలాంటివి నమ్మరంట కదా.” ఆవిడ అక్కడే చిటికెడు నోట్లో వేసుకున్నారు. “గ్యాసుకి నేనూ తింటానమ్మా. ఇది తింటే గుండెకాయ కొత్తదవుద్దని మీ అమ్మాయి రాస్తేనే నాకు తంటా.” పెద్ద ఆస్పత్రుల వెబ్‌సైట్లనీ ఆవిడ అలాగే చూసేవారు. నలభై దాటిన ప్రతివాళ్ళూ ఒళ్ళంతా పరీక్షలు చేయించుకోవాలని రాసి, ఆ పక్కనే ప్యాకేజీ ధర పెట్టిన పేజీని మాకు చూపించి, “తెల్లకోటు వేసుకున్నా మొప్ప ఎత్తి చూడాల్సిందే,” అన్నారు.

ఆవిడతో వేగడం తేలికని చెప్పను. పెళ్ళి శుభలేఖలో అచ్చుతప్పు చూపించి ఒకరి మనసు కష్టపెట్టారు. ప్రసంగం మధ్యలో పాస్టర్ గారు నిమ్మకాయ నీళ్ళతో లివర్ శుభ్రపడుతుందని చెబితే, కూడిక అయ్యాక దగ్గరికి వెళ్ళి, “వాక్యం మీరు చెప్పండి అయ్యగారూ, లివరు సంగతి వదిలేయండి,” అన్నారు. ఆయన నవ్వి ఊరుకున్నారు, ఆయన భార్య మాత్రం చాలాకాలం మాట్లాడలేదు. ఒకసారి ఆవిడే పొరబడ్డారు. పిల్లల జ్వరం మందు గురించి ఒక పేరున్న పేజీ నుంచి తీసుకుని వేసినది అప్పటికే మారిపోయిన పాత సలహా. గుడివాడ నుంచి ఒక నర్సు ఫోన్ చేసి చెప్పింది. సరోజిని గారి ముఖం పాలిపోయింది. ఆ సాయంత్రానికల్లా వ్యాసం నెత్తిన ‘మేము తప్పు రాశాం’ అని పెద్దక్షరాల్లో పెట్టించారు.

“కింద చిన్నగా వేద్దామండీ, ఎవరు చూస్తారు,” అన్నారు కిరణ్.

“తప్పు నెత్తినెక్కించి, దిద్దుబాటు కాళ్ళ దగ్గర పెడతావా?”

తప్పు ఒప్పుకోని వెబ్‌సైట్‌ని తప్పే చెయ్యని వెబ్‌సైట్ అని అనుకోవద్దని ఆవిడ మాతో అన్నది ఆ రోజే.

కిరణ్ చెడ్డవారు కాదు. ఆఫీసు అద్దె కట్టాలి, మాకు జీతాలివ్వాలి. ఓసారి షుగర్ పొడి అమ్మే కంపెనీ ఒకటి పెద్ద ప్రకటనతో వచ్చింది. వాళ్ళు అడిగింది ప్రకటన కాదు, వ్యాసం. ఆ పొడి వాడితే ఇన్సులిన్ మానెయ్యొచ్చని మా వెబ్‌సైట్ తనంతట తాను చెప్పినట్టు రాయాలి.

“అందరూ వేస్తున్నారండీ,” అన్నారు కిరణ్.

“అందరూ వేస్తుంటే ఇంక మనమెందుకు?”

“పేషెంట్లు డాక్టర్‌ని అడుగుతారులెండి. ఒక్క వ్యాసం చూసి ఇంజెక్షన్ మానేస్తారా ఎవరైనా?”

“మానెయ్యరని తెలిస్తే ఆ కంపెనీ నీకు డబ్బులెందుకిస్తది బాబూ?”

‘ఇది డబ్బు తీసుకుని వేసిన ప్రకటన’ అని నెత్తిన రాస్తేనే వేస్తానని, ఇన్సులిన్ మాట తీసెయ్యాలని ఆవిడ చెప్పారు. కంపెనీ వెళ్ళిపోయింది. కిరణ్ చాలారోజులు ముభావంగా తిరిగారు. ఆ తర్వాత కొంతకాలానికి వెబ్‌సైట్ నడవక మూసేశారు. ఆ పొడి గురించిన వ్యాసం ఇప్పటికీ వేరే చోట్ల దొరుకుతుంది. మేం రాసినవేవీ దొరకవు. ఈ సంగతి నేను ఎలా తలుచుకున్నా న్యాయంగా అనిపించదు.

ఆఫీసు మూతపడ్డాక నేను ఒక పుస్తకాల ప్రచురణ సంస్థలో చేరాను. ఆవిడ విజయవాడలోనే ఉండిపోయారు. ఆదివారాలు కలుస్తూనే ఉన్నాం. ఒకరోజు కడుపు ఉబ్బరంగా ఉంటోందని పరీక్షలు చేయించుకుంటే అండాశయంలో కాన్సర్ అని తేలింది. ఆపరేషన్ చేశారు, కీమో ఇచ్చారు. చాలామంది చుట్టాలు చూడటానికి వచ్చారు. వచ్చిన ప్రతి ఒక్కరి ఫోన్‌లోనూ ఒక లింకు ఉండేది.

అందరికంటే ఎక్కువ పంపింది ఆవిడ తమ్ముడు ప్రసాద్ గారు. చల్లపల్లిలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యారు. అక్కంటే ప్రాణం. కీమో ఎక్కుతున్నంతసేపూ పక్కన స్టూల్ మీద కూర్చుని ఫోన్‌లో వెతుకుతూ ఉండేవారు. ఆవిడ ఆయన్ని కసురుకుంటారని నేను అనుకున్నాను. కసురుకోలేదు. పంపిన ప్రతిదీ చదివారు. “చదవకుండానే కొట్టేస్తే, చదవకుండానే నమ్మేవాళ్ళకీ నాకూ తేడా ఏముంది,” అన్నారు.

“అక్కాయ్, ఈ ఒక్కటీ చూడు. వేరే జిల్లాలో వీళ్ళ ఆశ్రమం ఉందంట. మా మేనేజరు గారి వియ్యపురాలికి ఇక్కడే తగ్గిందంట,” అన్నారు ప్రసాద్ గారు ఓ రోజు. ఇప్పుడు ఫోటో పెట్టింది ఆ వెబ్‌సైటే.

ఆవిడ ఫోన్ తీసుకుని నెమ్మదిగా కిందిదాకా చూశారు. అన్నీ నయమైనవాళ్ళ కథలే. నవ్వుతున్న ముఖాలు, చేతిలో సీసాలు.

“పోయినవాళ్ళ కథ ఒక్కటీ లేదేంట్రా?”

“ఎవరూ పోలేదేమో.”

“పోయినవాళ్ళు వచ్చి రాయరురా ప్రసాదూ. అందుకని లేరు. సరే, ఆ వియ్యపురాలి నంబరు తీసుకురా. మాట్లాడదాం.”

ప్రసాద్ గారు పట్టుదలగా కనుక్కున్నారు. ఆ వియ్యపురాలు నిజంగానే ఉన్నారు, ఆరోగ్యంగానే ఉన్నారు. తర్వాతి కీమో రోజున ఆయన వచ్చి స్టూల్ మీద కూర్చున్నారు గానీ ఫోన్ బయటికి తియ్యలేదు. చివరికి సరోజిని గారే కదిపారు.

“ఏమందిరా?”

“మందు వాడిందంట. ముందు హైదరాబాదులో ఆపరేషనూ, ఆరు కీమోలూ అయినయ్యంట.”

“ఆ సంగతి వాళ్ళు రాయలేదుగా?”

“రాయలేదక్కా.”

“తిట్టబాక వాళ్ళని. రాసిందంతా నిజమే. సగమే రాశారు, అంతే.” ఆవిడ కళ్ళు మూసుకున్నారు. “అబద్ధమైతే పట్టుకోవచ్చు. సగం నిజం పట్టుకోవాలంటేనే ఒళ్ళు వంచాలి.”

కొన్ని నెలలు బాగున్నారు. జుట్టు మళ్ళీ వచ్చింది, ఈసారి రింగులు తిరిగి. తర్వాత జబ్బు తిరగబెట్టింది. డాక్టర్ ఏదీ దాచలేదు. ఇంకో మందుతో కొంత కాలం పెరగవచ్చు, జబ్బు మాత్రం పోదు, నొప్పి లేకుండా చూస్తాం, అన్నారు. సరోజిని గారు ఆయన్ని వరసగా ప్రశ్నలు అడిగారు. ఆ మందు ఎంతమందికి పనిచేస్తుంది, చెయ్యనివాళ్ళకి ఏమవుతుంది, ఒంట్లో ఎలా ఉంటుంది. ఆయన తెలిసినంతవరకూ చెప్పి, ఒకదానికి “అది నాకు తెలియదండీ” అన్నారు. బయటికొచ్చాక ఆవిడ నాతో, “ఈ డాక్టర్ మంచోడు. తెలియదన్నాడు,” అన్నారు.

చల్లపల్లిలో తమ్ముడింటికి మారారు. నేను చూడటానికి వెళ్ళిన ఒక మధ్యాహ్నం ప్రసాద్ గారు మళ్ళీ ఆ మందు మాట ఎత్తారు. ఈసారి ఆయన గొంతులో ధీమా లేదు, ప్రాధేయపడుతున్నారు. అక్కడికి వెళితే నలభై రోజులు ఉంచుకుంటారట. రసాలే ఆహారం. అన్నం, ఉప్పు, నీచు ఉండవు. ఇంగ్లీషు మందులు అన్నీ ఆపాలి, నొప్పికి వేసుకునే మాత్రలతో సహా.

“డాక్టరే లాభం లేదన్నాక ఏం పోద్ది అక్కాయ్, ఒక్కసారి చూస్తే?”

ఆ ప్రశ్న నా మనసులోనూ ఉంది. ఆవిడ నావైపు కూడా చూశారు.

“ఏం పోద్దా? అన్నం పోద్ది. చేపల పులుసు పోద్ది. నొప్పి మాత్ర పోద్ది. ఈ మంచం, ఈ కిటికీ, మీరిద్దరూ. ఇంక నాకున్నయ్యి ఇవేరా. ఇవి తీసుకుని వాడు నాకేమిస్తాడో రాసిమ్మను.”

“ఆశ ఉండాలి కదక్కా.”

“నాకు లేదని ఎవరన్నారు? రేపు బొమ్మిడాయలు దొరుకుతాయని ఆశ. రాత్రికి నిద్ర పడుతుందని ఆశ. నా ఆశ నాకుంది. వాడి ఆశ నేను కొనుక్కోను.”

ప్రసాద్ గారు లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. ఆయన ఏడుస్తున్నారని మా ఇద్దరికీ తెలుసు. ఆవిడ పెరటివైపు చూస్తూ, “పాపం, వాడికి చెయ్యడానికి ఏదో ఒకటి కావాలి. ఆ వెబ్‌సైటు వాళ్ళు అమ్మేది మందు కాదు శైలజా, ఆ పనే. అందుకే అంతమంది కొంటారు. కొనేవాళ్ళని నువ్వెప్పుడూ ఎగతాళి చెయ్యబాక,” అన్నారు. ఆవిడ చెప్పినవాటిలో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు తలుచుకునేది ఇదే. రాజ్యలక్ష్మి గారి గ్లాసుని నవ్వకుండా వద్దనగలగడం నాకు ఈ మాటవల్ల వచ్చింది.

మర్నాడు బొమ్మిడాయలు దొరికాయి. ప్రసాద్ గారే పొద్దున్నే వెళ్ళి తెచ్చారు. ఆవిడ మంచం మీద కూర్చుని కొద్దిగా అన్నంలో పులుసు కలుపుకుని తిన్నారు. నేను ముల్లు తీసి పెట్టబోతే నా చెయ్యి పక్కకి నెట్టేశారు. ఆ తర్వాత కొద్ది వారాలకి, నొప్పి లేకుండా, తమ్ముడి ఇంట్లో పోయారు. అప్పుడు నేను అక్కడ లేను. ఆయన చెప్పినదే రాస్తున్నాను.

ఆవిడ పోయాక చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూడికలో ఒక పెద్దాయన నా పక్కనే కూర్చుని, “ఆ ఆశ్రమం మందు వాడినట్టయితే బతికేది. చదువుకున్నవాళ్ళకి మొండితనం,” అని ఇంకొకరితో అన్నారు. నేను సాధారణంగా నలుగురిలో మాట్లాడే మనిషిని కాను. ఆయన వైపు తిరిగి, “బతికేదని మీకెలా తెలుసండీ?” అని అడిగాను. గట్టిగా కూడా అడగలేదు. ఆయన చాలా తడబడి, “అందరూ అంటున్నారమ్మా,” అన్నారు. మా ముందు వరసలో కూర్చున్న ప్రసాద్ గారు ఇది విన్నారు. వెనక్కి తిరగలేదు.

అందుకే రాజ్యలక్ష్మి గారు చూపించిన లింకు ఆయనకి పంపాలా వద్దా అని ఆ రోజంతా తటపటాయించాను. సాయంత్రం ఫోన్ చేసి చెప్పాను.

“ఆ ఫోటో నేనే పంపానమ్మా,” అన్నారు. “అక్క వద్దన్నాక కూడా. రిపోర్టులూ ఫోటోలూ పంపితే చూసి చెప్తామన్నారు. అక్కకి చెప్పకుండా పంపాను. వాళ్ళు తీసుకురమ్మన్నారు. నేను తీసుకెళ్ళలేదు.”

ఆయన్ని అడిగి, ఆ వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకి నేనే ఫోన్ చేశాను. ఒక అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. సరోజిని గారు వాళ్ళ పేషెంటేనని అంది. ఎలా అని అడిగితే, “ఎంక్వైరీ చేశారు కదండీ, రిపోర్ట్స్ మా దగ్గరున్నాయి,” అంది.

“మందు పంపారా మీరు?”

“అది చూడాలండీ.”

“చూడక్కర్లేదమ్మా. పంపలేదు. ఆవిడ తాగలేదు. ఆ ఫోటో తీసెయ్యండి.”

“మీరు బాధలో ఉన్నారు, మేం అర్థం చేసుకోగలం మేడం. సార్‌కి చెప్తాను.”

కొన్నాళ్ళకి చూస్తే ఫోటో అక్కడే ఉంది. కింద రాసినదాన్ని మాత్రం మార్చారు. ‘ఈ మేడం గారు మా దగ్గరికి ఆలస్యంగా వచ్చారు. ముందే వచ్చి ఉంటే మనతో ఉండేవారు. మీరు ఆలస్యం చేయకండి’ అని. దాని కింద ఫోన్ నంబరు. పోయినవాళ్ళ కథ లేదేమని ఆవిడ ఆనాడు అడిగారు. ఇప్పుడు ఒకటి పెట్టారు.

ప్రసాద్ గారు పోలీసులకి ఫిర్యాదు రాసి పంపారు, దాని సంగతి ఇంకా తేలలేదు. ఈలోపు నేను దీన్ని రాస్తానని చెప్పి, ఆయన ఇష్టపడకపోతే ఫోటో ఎలా వెళ్ళిందో రాయనని అన్నాను. ‘ఒక చుట్టం పంపారట’ అని రాస్తే సరిపోతుందని నేనే సూచించాను.

“వద్దమ్మా,” అన్నారాయన. “పంపారట ఏంటి? నేను పంపాను. తమ్ముడు ప్రసాద్ పంపాడు అని రాయి. అక్క ఉంటే అంట ఎందుకు పెట్టావని నిన్నే తిట్టేది.”

ఇప్పుడు సరోజిని గారి పేరు వెతికినవాళ్ళకి మొదట ఆ పేజీ కనిపిస్తుంది. ఇకమీదట ఇది కూడా కనిపించాలి. దీన్ని నా పేరుతో, తేదీ వేసి, దొరికిన ప్రతిచోటా పెడతాను. తీసెయ్యమంటే తియ్యను. చదివేవాళ్ళు నన్ను కూడా ఊరికే నమ్మక్కర్లేదు. నేను డాక్టర్‌ని కాను. ఇందులో కొన్ని నేను పక్కనుండి చూసినవి, కొన్ని ప్రసాద్ గారు చెప్పినవి. ఏది ఏదో పైన రాశాను. దీన్ని రాసినందుకు నాకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. కానీ ఆవిడంటే నాకు చాలా ఇష్టం, ఆ ఇష్టం నా వాక్యాల్ని ఎక్కడైనా ఒకవైపుకి లాగి ఉండవచ్చు. దాన్ని లెక్కలోకి తీసుకునే చదవండి. ఎక్కడైనా తప్పు చూపిస్తే ఆ తప్పుని పైనే, పెద్దక్షరాల్లో దిద్దుతాను.

ఒక్కటి మాత్రం దిద్దను. ఆవిడ ఆలస్యంగా రాలేదు. చదివి, అడిగి, వద్దన్నారు.